ముప్పై మీటర్ల ఖాళీ: ట్రాక్ కోసం డేటా లాగర్ ఎంచుకున్న నా అనుభవం

మొదటి ఏడాది రేసు ట్రాక్ మీద నేను కారు నడిపిన ల్యాప్‌లకు, అంటే చుట్లకు, లెక్క లేదు. అన్ని నడిపానని కాదు, నిజంగానే ఏ లెక్కా రాసుకోలేదు. సెషన్ ముగించి, కార్లు ఆపుకునే పిట్‌లోకి వచ్చి హెల్మెట్ తీస్తుండగా ఎవరైనా "ఎలా వెళ్లింది?" అని అడిగితే "బాగానే" అనేవాణ్ని. టైర్లు గట్టిగా కీచుమంటే వేగంగా వెళ్లినట్టు, అరచేతులకు చెమట పడితే ఇంకా వేగంగా వెళ్లినట్టు. అదే నా కొలమానం.

ఒక రోజు పిట్ గోడ పక్కన నిలబడిన మిత్రుడు సరదాకి స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు. వెనక చక్రాలు జారుతుంటే స్టీరింగుతో కుస్తీ పట్టి, ఇదే నా జీవితంలో గొప్ప ల్యాప్ అనుకున్నది ఒకటుంది. టైర్లు కాస్త చల్లబడనిద్దామని దాని తర్వాత నింపాదిగా నడిపినది ఇంకొకటి. నింపాదిగా నడిపినదే 0.7 సెకన్లు ముందు వచ్చింది. స్టాప్‌వాచ్ నొక్కడంలో పొరపాటు జరిగిందని వాదించాను. అతను నవ్వి, అంతకు ముందు రెండు ల్యాప్‌ల అంకెలు కూడా చూపించాడు. అవీ అదే కథ చెప్పాయి. ఆ రాత్రే, కారు ఎక్కడ ఎంత వేగంతో వెళ్లిందో నమోదు చేసే డేటా లాగర్ల గురించి చదవడం మొదలుపెట్టాను.

చదవడం అంటే మామూలుగా కాదు. నాలుగు నెలలు చదివాను. ఒక పెద్ద పట్టిక తయారుచేశాను. సెకనుకు ఎన్నిసార్లు స్థానం నమోదు చేస్తుంది, ఎన్ని ఛానళ్లు (ఒక్కో కొలతకు ఒకటి), తెర ఎంత పెద్దది, కెమెరా ఉందా, మెమరీ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు, ఇలా ఇరవై మూడు గడులు. నా కారులో పుట్టుకతో వచ్చిన ఏర్పాటేమీ లేదు. 2015 మోడల్ కార్వెట్‌లో కాస్‌వర్త్ సంస్థతో కలిసి తయారుచేసిన రికార్డర్‌ను కారులోనే అమర్చి ఇచ్చారు. పోర్షే వాళ్లకు ట్రాక్ ప్రెసిషన్ అనే సొంత యాప్ ఉంది. అలాంటి కార్లున్న వాళ్లకు ఈ బాధ సగం తక్కువ. నాలాంటి వాళ్లం బయటి నుంచి తెచ్చుకోవాలి. పట్టిక పెరుగుతూ పోయింది. పరికరం మాత్రం కొనలేదు. ఇప్పుడు చూస్తే ఆ ఇరవై మూడు గడుల్లో లేనిది ఒకటే కనబడుతుంది: ఈ పెట్టెను నేను ఏ ప్రశ్న అడగబోతున్నాను?

చివరికి విసుగెత్తి ఫోనుతోనే మొదలుపెట్టాను. గుడ్డి కన్నా మెల్ల మేలు కదా. ల్యాప్ టైమింగ్ యాప్ ఒకటి వేసి, ఫోనును అద్దానికి అతికించే పట్టీలో పెట్టి ట్రాక్ మీదికి వెళ్లాను. మొదటి సెషన్ తర్వాత తెర మీద ల్యాప్ సమయాలు వరుసగా కనబడుతుంటే కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. వెయ్యో వంతు దాకా అంకెలు! ఆ మూడో దశాంశం ఉత్త కాకి లెక్క అని తెలియడానికి ఇంకో సెషన్ పట్టింది.

ఫోనులోని జీపీఎస్ సాధారణంగా సెకనుకు ఒక్కసారే తన స్థానాన్ని చెబుతుంది. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. అంటే ట్రాక్‌లో తిన్నగా సాగే ప్రధాన స్ట్రెయిట్ మీద ఫోను నన్ను చూసినప్పటికీ, మళ్లీ చూసినప్పటికీ మధ్య నేను 50 మీటర్లు వెళ్లిపోయాను. ఆ మధ్యలో ఏం జరిగిందో యాప్ ఊహించుకుని గీత కలుపుతుంది. స్ట్రెయిట్ మీద ఆ ఊహ పెద్దగా తప్పదు. ఇరుకైన మలుపులో మాత్రం నా దారి గుండ్రంగా కాక ముక్కలు ముక్కలుగా, ఎవరో స్కేలుతో గీసినట్టు కనబడింది. ఒకచోట అయితే గడ్డి మీదుగా వెళ్లినట్టు చూపించింది. ఆ రోజు నేను గడ్డిలోకి వెళ్లలేదు. వెళ్లిన రోజు వేరే ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక్కడొక చిన్న కిటుకు తెలిసింది, ఏ పరికరం వాడేవారికైనా పనికొస్తుంది. ల్యాప్ మొదలయ్యే గీతను మనమే పెట్టుకునే వీలుంటే వేగంగా వెళ్లేచోట పెట్టుకోవాలి. స్థానంలో ఒక మీటరు తేడా వచ్చిందనుకుందాం. సెకనుకు 50 మీటర్ల వేగంలో అది 0.02 సెకన్ల తప్పు. సెకనుకు 15 మీటర్లతో పాకుతున్న మలుపు దగ్గర అదే మీటరు దాదాపు 0.07 సెకన్లవుతుంది. నేను మొదట గీతను పిట్ దారి పక్కన ఒక నెమ్మది మలుపు బయట పెట్టాను, అక్కడి స్తంభం గుర్తుపట్టడం తేలిక అని. ఎంత తెలివి!

ఫోను కథ ఎండ ముగించింది. అద్దం వెనక, నేరుగా ఎండలో, తెర పూర్తి వెలుతురుతో, జీపీఎస్ నడుస్తూ, పక్కనే ఛార్జర్. మూడో సెషన్‌లో నాలుగో ల్యాప్‌కు అది వేడెక్కిపోయానని సందేశం చూపి ఆగిపోయింది. తప్పు ఫోనుది కాదు, దాన్ని ఆ కొలిమిలో పెట్టిన నాది.

తర్వాతి మెట్టు, బ్లూటూత్‌తో ఫోనుకు కలిసే విడి జీపీఎస్ రిసీవర్. ఫోను నీడలో, జేబులో ఉంటుంది, రిసీవర్ మాత్రం ఆకాశాన్ని చూస్తుంది. ఇక్కడే నాకు హెర్ట్జ్ పిచ్చి పట్టింది. సెకనుకు 10 సార్లా, 20 సార్లా, 25 సార్లా? గార్మిన్ క్యాటలిస్ట్ 10 హెర్ట్జ్, వీబాక్స్ స్పోర్ట్ 20, రేస్‌బాక్స్ మినీ 25. అంకె పెద్దదైతే మేలనిపించడం సహజం. 180 కిలోమీటర్ల వేగంలో 10 హెర్ట్జ్ అంటే ప్రతి ఐదు మీటర్లకు ఒక చుక్క, 25 హెర్ట్జ్ అంటే ప్రతి రెండు మీటర్లకు ఒక చుక్క. ఒకటి నుంచి పదికి మారినప్పుడు కళ్లజోడు పెట్టుకున్నట్టే ఉంది. పది నుంచి ఇరవై అయిదుకు మారినప్పుడు ఆ కళ్లజోడును తుడుచుకున్నట్టు ఉంది. మేలే, కాదనను. కానీ నా పట్టికలో ఆ గడికి ఇచ్చినంత బరువు దానికి లేదు.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. రిసీవర్ చెప్పే వేగం, రెండు చుక్కల మధ్య దూరాన్ని కాలంతో భాగించి తెచ్చింది కాదట. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగం పౌనఃపున్యంలో కదలిక వల్ల వచ్చే మార్పును, అంటే డాప్లర్ ప్రభావాన్ని కొలిచి నేరుగా వేగం తీస్తుంది. అందుకే స్థానం మీటరు అటూ ఇటూ ఊగినా వేగం గీత నున్నగా, నమ్మదగినట్టుగా ఉంటుంది. అప్పటి నుంచి మ్యాపు మీద నేను ఎంచుకున్న దారిని చూసి మురిసిపోవడం తగ్గించి వేగం గ్రాఫునే చూడటం అలవాటు చేసుకున్నాను. మలుపు లోపలి అంచును తాకాల్సిన చోటికి, అంటే అపెక్స్‌కు, ఎంత దగ్గరగా వెళ్లానన్నది తేల్చడానికి మామూలు జీపీఎస్ పనికిరాదు. దానికి కెమెరా కావాలి, లేదా పక్క సీట్లో మొహమాటం లేని మనిషి కావాలి.

అదే రిసీవర్‌ను ఒక మిత్రుడి కారులో పెడితే సంకేతం తరచూ తెగిపోయింది. పరికరం పాడైందని ఇద్దరం దాన్ని తిట్టుకున్నాం. తీరా చూస్తే అతని ముందు అద్దానికి వేడిని ఆపే లోహపు పూత ఉంది. అది ఎండతో పాటు ఉపగ్రహ సంకేతాన్నీ అడ్డుకుంటుంది. అలాంటి అద్దాల్లో చాలావాటికి వెనక చూసే అద్దం దగ్గర పూత లేని చిన్న కిటికీ వదులుతారు. రిసీవర్‌ను అక్కడికి జరిపాక అంతా కుదురుకుంది.

ఇప్పటికి నాకు ల్యాప్ సమయం ఉంది, వేగం ఉంది. కారు ఏం చేసిందో తెలుస్తోంది, నేను ఏం చేశానో తెలియడం లేదు. సహజంగానే కంటపడింది డ్యాష్‌బోర్డు కింద ఉన్న ఓబీడీ సాకెట్, మెకానిక్‌లు కారు లోపాలు చదువుకునేది. అందులో గుచ్చే చిన్న బ్లూటూత్ పరికరం తెచ్చాను. ఇంజిన్ వేగం, థ్రాటిల్ (యాక్సిలరేటర్), శీతలీకరణ ద్రవం వేడి, అన్నీ ఫోను మీదికి వచ్చేశాయి. మొదటి పది నిమిషాలు పండగే.

తర్వాత గ్రాఫు విప్పి చూస్తే థ్రాటిల్ గీత మెట్లు మెట్లుగా, వేగం మారిన చాలాసేపటికి కదిలినట్టు ఉంది. కారణం ఓబీడీ పనిచేసే తీరులోనే ఉంది. ఒకే కిటికీ ఉన్న కౌంటర్‌ను ఊహించుకోండి. "ఇంజిన్ వేగం ఎంత?" అని అడగాలి, జవాబు రావాలి. అప్పుడు "థ్రాటిల్ ఎంత?" అని అడగాలి. మళ్లీ జవాబు కోసం నిలబడాలి. ఎన్ని సంగతులు అడిగితే వరుస అంత పొడవు. అది కాలుష్య నియంత్రణ కోసం, మెకానిక్ నింపాదిగా తప్పులు వెతకడం కోసం పుట్టిన ఏర్పాటు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి చేసినప్పుడు మలుపులో నా కుడి పాదం ఏం చేస్తోందో కనుక్కోవడం ఎవరి ఉద్దేశమూ కాదు. అది చెప్పే వాహన వేగం కూడా గంటకు ఒక కిలోమీటరు కన్నా తక్కువ తేడా చూపదు. నాకు కావలసిన రెండు ముఖ్య సంగతులు, బ్రేకు పీడనం, స్టీరింగ్ కోణం, ఆ ప్రామాణిక జాబితాలో లేనే లేవు. పైగా ఒక వారం ఆ పరికరాన్ని సాకెట్లోనే మరిచిపోతే కారు బ్యాటరీ దిగిపోయింది. దాన్ని ఇప్పుడు ఇంజిన్ హెచ్చరిక దీపం వెలిగినప్పుడు మాత్రమే బయటికి తీస్తాను. ఆ పనికి అది బంగారం.

ఈ మధ్యలోనే మాట్లాడే రకం పరికరం ఒకటి ఒక మిత్రుడు అరువిచ్చాడు. కెమెరా, జీపీఎస్, తెర అన్నీ ఒకే పెట్టెలో. మలుపు ముందు చెవిలో "ఇంకాస్త ఆగి బ్రేకు వేయి" అన్నట్టు సలహా ఇస్తుంది. సెషన్ కాగానే మూడు చోట్ల సమయం పోగొట్టుకున్నావని చూపిస్తుంది. గ్రాఫులంటే చిరాకు ఉన్నవాళ్లకు, కంప్యూటర్ తెరిచే ఓపిక లేనివాళ్లకు ఇంతకు మించినది లేదని నా అభిప్రాయం. అరువిచ్చిన మిత్రుడు దానితోనే నాకన్నా వేగవంతుడయ్యాడు. నాకు మాత్రం ఎవరైనా సలహా ఇస్తే ఎందుకని అడిగే జబ్బు ఉంది. అది పరికరం లోపం కాదు, నా బుద్ధి.

ఆ కాలంలోనే గడ్డి సంగతి జరిగింది. నా ఫోను యాప్‌లో డెల్టా చూపే వీలుంది. అంటే నా ఉత్తమ ల్యాప్‌తో పోలిస్తే ఇదే చోటికి ఎంత ముందు ఉన్నానో, ఎంత వెనకబడ్డానో ఆ క్షణంలోనే చెబుతుంది. ఫోనును మళ్లీ తెచ్చి కంటికి ఎదురుగా పెట్టాను, ఈసారి నీడలో. ఒక ల్యాప్‌లో ఆకుపచ్చ రంగులో మైనస్ 0.4 కనిపించింది, అంటే 0.4 సెకన్లు ముందున్నాను. ఇక నా కళ్లు రోడ్డు మీద కన్నా ఆ అంకె మీదే ఎక్కువసేపు నిలిచాయి. మైనస్ 0.4 ను మైనస్ 0.5 చేద్దామని చివరి మలుపులోకి తీసుకెళ్లిన వేగం ఆ మలుపు భరించేది కాదు. కారు ఒక చుట్టు తిరిగి గడ్డిలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, రేడియేటర్ ముందు జాలీలో గడ్డి ఇరుక్కుంది, అంతే. ఆ రోజు నుంచి నడుపుతున్నప్పుడు నా కంటికి ఏ అంకే కనిపించకూడదని తీర్మానించుకున్నాను. దాంతో పట్టికలో తెర పరిమాణం, రంగులు, స్పష్టత అనే మూడు గడులు ఒక్క దెబ్బకు ఎగిరిపోయాయి. ఇంకో మాట: కొందరు ట్రాక్ డే (ఎవరి కారు వాళ్లు ట్రాక్ మీద నడుపుకునే రోజు) నిర్వాహకులు బీమా కారణాలతో ల్యాప్ సమయం కొలవడాన్నే నిషేధిస్తారు. పరికరం కొనేముందు మీరు వెళ్లే చోట నిబంధన ఏమిటో అడగండి.

అసలు మలుపు ఒక శిక్షకుడి రూపంలో వచ్చింది. ఆయన తన లాగర్‌ను ఒక రోజు నా కారులో పెట్టాడు. అది ఓబీడీ సాకెట్‌లా ఒక్కొక్కటి అడిగి తెలుసుకునేది కాదు. కారులోని కంప్యూటర్లు తమలో తాము క్యాన్ బస్ అనే తీగల జంట మీద ఎడతెగకుండా మాట్లాడుకుంటూ ఉంటాయి. 1986లో బాష్ సంస్థ లోకానికి పరిచయం చేసిన పద్ధతి అది. ఈ లాగర్ ఆ మాటలను పక్కన కూర్చుని వింటుంది. అడగాల్సిన పని లేదు కనుక వరుసలో నిలబడే పనీ లేదు. నా కారు తన స్థిరత్వ నియంత్రణ కోసం బ్రేకు పీడనాన్నీ, స్టీరింగ్ కోణాన్నీ ఎలాగూ కొలుచుకుంటోంది. అవి ఇన్నాళ్లూ నా పాదాల దగ్గరి తీగల్లోనే పారుతున్నాయని నాకు తెలియదు.

సెషన్ తర్వాత ఆయన కంప్యూటర్ తెరిచి ప్రధాన స్ట్రెయిట్ చివర ఉన్న మొదటి మలుపును పెద్దది చేసి చూపించారు.

"మీరు ఇక్కడ బ్రేకు ఎలా వేస్తున్నారని మీ అభిప్రాయం?"

"చాలా ఆలస్యంగా, గట్టిగా. నా బలం అదేనండీ" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. మూడు గీతలు ఒకదాని కింద ఒకటి పెట్టారు: వేగం, థ్రాటిల్, బ్రేకు పీడనం. 180 దగ్గర థ్రాటిల్ సున్నాకు పడింది. బ్రేకు పీడనం సున్నాలోనే ఉంది. 0.6 సెకన్ల తర్వాత లేవడం మొదలైంది. ఆ వేగంలో 0.6 సెకన్లంటే 30 మీటర్లు. ముప్పై మీటర్ల పాటు నా కారును ఎవరూ నడపడం లేదు. రెండు పాదాలూ గాల్లో ఉన్నాయి.

నాకు ముఖం చెల్లలేదు. పోయిన సమయమంతా ఆ గుంటలోనే ఉందని తేల్చేసుకుని, తర్వాతి సెషన్ మొత్తం పాదాన్ని వేగంగా మార్చడం మీదే పెట్టాను. ఖాళీ సగానికి సగం తగ్గింది. ల్యాప్ సమయం తగ్గలేదు. ఇదేం అన్యాయం అనుకుంటూ రాత్రి కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. గంటకు 180 కిలోమీటర్ల దగ్గర థ్రాటిల్ వదిలినా కారు ఒక్కసారిగా నెమ్మదించదు. గాలీ ఇంజినూ ఆపినంతే ఆగుతుంది. ఆ 0.6 సెకన్లలో పోయే వేగం తక్కువ, అంత మేరకు తర్వాత బ్రేకు పనీ తగ్గుతుంది. రెండూ కలిపి చూస్తే ఆ భయంకరమైన ఖాళీ నా దగ్గర లాక్కున్నది సెకనులో వందో వంతుకు అటూ ఇటూ మాత్రమే.

అసలు దొంగ దాని పక్కనే ఉన్నాడు, నేను ఖాళీని చూసిన కంగారులో అతన్ని చూడలేదు. బ్రేకు పీడనం లేచిన తీరు. అది గోడలా నిటారుగా లేవాలి. నాది ఇసుక దిబ్బలా మెల్లగా పెరిగి, గరిష్ఠానికి చేరేసరికి మలుపు వచ్చేసింది. గట్టిగా తొక్కుతున్నానని నేను అనుకున్నది చివరి క్షణంలో భయంతో తొక్కిన తొక్కు. మొత్తం మీద సగటున 0.7 జీ బలంతో, అంటే గురుత్వాకర్షణకు 0.7 వంతుతో, నెమ్మదిస్తున్నాను. ఆ టైర్లతో ఆ కారు 0.9 కి తేలిగ్గా చేరుతుంది. సెకనుకు 50 మీటర్ల నుంచి 20 కి రావడానికి 0.7 తో 153 మీటర్లు, 4.37 సెకన్లు పడుతుంది. 0.9 తో 119 మీటర్లు, 3.40 సెకన్లు చాలు. మిగిలిన 34 మీటర్లను పూర్తి వేగంతో 0.68 సెకన్లలో దాటవచ్చు. మొత్తం 4.08. అంటే ఒక్క మలుపు దగ్గరే దాదాపు 0.3 సెకన్లు. ముప్పై మీటర్ల ఖాళీలో దొరకనిది ఇక్కడ దొరికింది.

మీరు అడగవచ్చు, నెమ్మదించిన తీరు జీపీఎస్ వేగంలోనూ కనబడుతుంది కదా, దీనికి క్యాన్ తీగ ఎందుకని. నేనూ శిక్షకుణ్ని అదే అడిగాను. కనబడుతుంది, నిజమే. కానీ కారు తక్కువగా నెమ్మదించింది కనుక నేను తక్కువగా తొక్కానని అర్థం కాదు. రోడ్డు దిగువకు వాలి ఉండవచ్చు, టైర్ల పట్టు అయిపోయి, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తూ ఉండవచ్చు, బ్రేకులు వేడెక్కి ఉండవచ్చు. అంతకు ముందు నెలల తరబడి నా వేగం గ్రాఫులో ఆ మెత్తని వాలును చూస్తూనే ఉన్నాను. ప్రతిసారీ అది రోడ్డు వాలు వల్లనో, అరిగిన ప్యాడ్ల వల్లనో అని నాకు నేను చెప్పుకున్నాను. పీడనం గీత ఉన్నాక అలాంటి సాకులకు చోటు లేదు. బ్రేకులో ఇంకా బలం మిగిలి ఉంది, నేను వాడలేదు. అంతే.

ఆ రోజుతో పట్టిక చింపేశాను. నాకు కావలసినవి నాలుగే మిగిలాయి. బ్రేకు పీడనం, స్టీరింగ్ కోణం, థ్రాటిల్ నా కారు క్యాన్ నుంచి చదవగలగాలి. ఇంజిన్ ఆన్ చేయగానే తానే మొదలై తానే నమోదు చేయాలి, ఎందుకంటే హెల్మెట్, చేతి తొడుగులు వేసుకుని, బెల్టు బిగించుకున్నాక మీటలు నొక్కడం మరిచిపోయే మనిషిని నేను. రెండు సెషన్ల మధ్య దొరికే కొద్దిపాటి సమయంలో, ఇంజిన్ మూత తెరిచి టైర్ల గాలి చూసుకోగా మిగిలిన పది నిమిషాల్లో, నాకు ఒక జవాబు ఇవ్వగలగాలి. నాలుగోది ఎక్కడా చదవలేదు, అనుభవం నేర్పింది: నాతో ట్రాక్‌కు వచ్చే, నాకన్నా వేగంగా నడిపే వాళ్లు వాడేదే అయి ఉండాలి.

ఈ నాలుగోదాని గురించి కాస్త చెప్పాలి. నా ల్యాప్‌ను నా ల్యాప్‌తోనే పోల్చుకుంటే నేను ఇప్పటికే చేసినదాంట్లో మెరుగైనదేదో తెలుస్తుంది. ఎప్పుడూ చేయనిది తెలియదు. ట్రాక్‌ను మూడు సెక్టార్లుగా, అంటే భాగాలుగా, విడదీసి మూడు ఉత్తమ సమయాలు కలిపి ఊహాత్మక ఉత్తమ ల్యాప్ అని యాప్‌లు చూపిస్తాయి. అదీ నా తప్పుల్లోంచి ఏరిన మంచి ముక్కలే. అదే ఒక వేగవంతుడైన మిత్రుడు నా కారులోనే ఒక సెషన్ నడిపి, అతని గీతను నా గీత మీద పరిస్తే, కారు ఏం చేయగలదో ఎదురుగా కనబడుతుంది. "నా కారు ఇంతే" అనడానికి వీలుండదు. దస్త్రాలు ఒకే సాఫ్ట్‌వేరులో తెరుచుకుంటేనే పోలిక అయిదు నిమిషాల్లో అవుతుంది. వేరు వేరు రకాలైతే మార్చుకోవడంలోనే సాయంత్రమవుతుంది.

మా గుంపులో ఎక్కువమంది దగ్గర ఎయిమ్ సోలో 2 డీఎల్ అనే లాగర్ ఉంది, శిక్షకుడిదీ అదే. నేనూ అదే కొన్నాను. మీ గుంపంతా వీబాక్స్ వాడుతుంటే నా సలహా తిరగబడుతుంది, మీరు వీబాక్సే కొనండి. ఒంటరిగా వెళ్లేవారు, గ్రాఫులు ఇష్టంలేనివారు మాట్లాడే రకం చూసుకోవచ్చు. ఇప్పుడే మొదలుపెట్టిన వారికి 25 హెర్ట్జ్ చిన్న రిసీవరూ ఫోనూ ఏడాదికి సరిపోతాయి. అందులో సగం కూడా నేను రిసీవర్ కొన్న మొదటి ఏడాది వాడుకోలేదు. పిండి కొద్దీ రొట్టె అన్నది ఇక్కడ పూర్తిగా నిజం కాదు, ఆకలి కూడా ఉండాలి. కెమెరా కావాలా అని చాలాసేపు ఊగిసలాడి, మామూలు యాక్షన్ కెమెరా విడిగా పెట్టుకున్నాను. వీడియో చూడటం మొదలుపెడితే నేను నడిపే తీరును నేనే మెచ్చుకుంటూ కూర్చుంటాను. గ్రాఫు దగ్గర ఆ ప్రమాదం లేదు.

అమరిక ఒక ఆదివారం మొత్తం తినేసింది. నా కారులో ఓబీడీ సాకెట్‌కు ముందు గేట్‌వే అనే కాపలాదారు ఉన్నాడు. లోపలి మాటలను సాకెట్ దాకా రానివ్వడు. అందుకే సాకెట్‌లో గుచ్చితే బ్రేకు పీడనం రాలేదు, కాపలాదారు వెనక ఉన్న తీగల జంటను వెతకాల్సి వచ్చింది. మెలివేసిన తీగల జతలు డ్యాష్‌బోర్డు కింద ఒకటికి మించి ఉన్నాయి. అక్కడ ఒక పాత చిట్కా ఆదుకుంది. కారు పూర్తిగా ఆపి, బ్యాటరీ తీగ తీసి, ఆ రెండు తీగల మధ్య నిరోధం కొలిస్తే దాదాపు 60 ఓమ్‌లు చూపించాలి, ఎందుకంటే బస్ రెండు చివర్లా 120 ఓమ్‌ల నిరోధకాలు ఉంటాయి. మొదటి జత ఏవో పిచ్చి అంకెలు చూపింది. రెండోది 60.4. ఎన్నడూ ఒక అంకెను చూసి అంత సంతోషించలేదు, మైనస్ 0.4 ను చూసినప్పుడు తప్ప.

తీగలకు బదులు బయటి నుంచే వినే క్లిప్పులు కూడా దొరుకుతాయి. వారంటీ ఉన్న కారులో తొక్క ఒలిచే ధైర్యం లేనివాళ్లకు అవి మంచివి. విద్యుత్ పని చేతకాకపోతే ఈ భాగాన్ని తెలిసినవాళ్లకు అప్పగించండి. అవే తీగల మీద బ్రేకుల, స్టీరింగ్ కంప్యూటర్లు ఆధారపడి ఉంటాయి. లాగర్‌ను అద్దానికి అతికించే పట్టీతో కాకుండా గట్టి బ్రాకెట్‌కు బిగించాను. లోపలి త్వరణమాపకం కారు ఊపును కొలవాలి గానీ పట్టీ ఊగడాన్ని కాదు. సమతలం మీద కారు నిలిపి సున్నా చేయాలి. స్టీరింగ్ కోణాన్ని కూడా తిన్నగా వెళ్తున్నప్పుడు సరిచూసుకోవాలి. నాది మొదటి రోజు అయిదు డిగ్రీలు ఎడమకు చూపింది. అది లాగర్ తప్పా, చక్రాల అమరిక తప్పా అని ఇంకో వారం కొట్టుకున్నాను. చక్రాల అమరికే.

కొత్త లాగర్‌తో మొదటి రోజు వేగవంతుడైన ఆ మిత్రుణ్ని బతిమాలి నా కారు ఇచ్చాను. ఆరు ల్యాప్‌లు నడిపాడు. గీతలు పరిచి చూస్తే మొదటి మలుపు దగ్గర మా ఇద్దరికీ పెద్ద తేడా లేదు, నా ఇసుక దిబ్బ అప్పటికి గోడలా మారింది. సమయం తేడా గీత మాత్రం ఏడో మలుపు దగ్గర ఒక్కసారిగా కిందికి వాలింది. అది వేగవంతమైన మలుపు. నేను లోపలికి వెళ్తూ థ్రాటిల్‌ను పది శాతం వదులుతున్నాను. అతను వదలడు. నా స్టీరింగ్ గీతలో మలుపు మధ్యలో సన్నని వణుకు ఉంది, అతనిది నున్నగా ఉంది.

"అక్కడ నీకు భయం వేయదా?" అని అడిగాను.

"వేస్తుంది. కానీ నువ్వు వదిలేచోటు కంటే ఇరవై మీటర్ల తర్వాత వేస్తుంది" అన్నాడు.

ఈ మధ్య టైర్ల వేడిని ఉపరితలం మీద కొలిచే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ల వివరాలు చదువుతూ దొరికిపోయాను. నాలుగు చక్రాలకు నాలుగు. కొత్త పట్టిక తెరిచి మొదటి గడిలో పేరు కూడా రాశాను. ఆ తర్వాత కిందటి వారం ఏడో మలుపు గీత తెరిచి చూశాను. పది శాతం ఇప్పుడు ఆరు అయింది. పట్టిక మూసేశాను.